ఏమీ మిగల్చని రాకెట్

అంతరిక్షంలో చెత్తకి కాలం చెల్లిందట. ఒక పెద్ద పత్రికలో సగం పేజీ రాశారు. నిశ్శేష్ అనే కంపెనీ వాళ్ళు కనిపెట్టిన లోహంతో రాకెట్ చేస్తే, పని అయిపోగానే అది తనంతట తానే పొడిపొడిగా రాలి గాలిలో కలిసిపోతుందట. భూమ్మీద ఎవరికీ చీమంత హాని ఉండదట. రాసినవాడు ఒక్కసారైనా సముద్రం ఒడ్డుకొచ్చి అడిగాడా? అడగలేదు. కంపెనీ ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని, కంపెనీ పెట్టిన భోజనం తిని రాసేశాడు. నేను చూసింది నేను రాస్తాను. భాష బాగాలేదనిపిస్తే చదవడం మానుకోండి.

ముందే ఒక మాట. నేను రాకెట్లకి శత్రువుని కాను. చంద్రుడి మీద నీళ్ళ జాడ ఉందని తెలిసినప్పుడు ఊరంతా చెప్పుకుంటూ తిరిగిన దాన్ని. శనికి కొత్త చందమామలు దొరికాయంటే పెళ్ళి కబురు విన్నంత సంబరపడతాను. అట్లాగని కళ్ళు మూసుకోను. డబ్బున్నవాళ్ళు కాసేపు పైకెళ్ళి గాల్లో తేలి కిందికి దిగి, వ్యోమగాములమని ఛాతీ మీద బిళ్ళలు పెట్టుకుంటే తిట్టాను. ఉపగ్రహాలు వేలకు వేలు ఎగరేసి, దుర్భిణీలో నక్షత్రం ఉండాల్సిన చోట తెల్లగీతలు పడేట్టు చేసినప్పుడు తిట్టాను. ఆకాశం ఎవడి అబ్బ సొత్తూ కాదు. నాకు అదంటే ఇష్టం కాబట్టే తిడతాను. ఇష్టం లేనివాళ్ళు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

నా పేరు కనకవల్లి. మాది నెల్లూరు తీరంలో ఉప్పుగుంటపాళెం. పదో తరగతి తప్పాను. రేవు దగ్గర ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. రాకెట్ ఎగిరే రోజు మాకు సముద్రం మూత. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పడవలు పోకూడదో అక్షాంశాలు రేఖాంశాలతో కబురొస్తుంది. అది మావాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పడంతో నా పిచ్చి మొదలైంది. తరవాత చేపల వేలంపాకలో మైకు పట్టుకుని అంతరిక్షం వార్తలన్నీ చదవడం, వాటి మీద నా అభిప్రాయం చెప్పడం అలవాటైంది. వినేవాళ్ళు విన్నారు, నవ్వేవాళ్ళు నవ్వారు. రాకెట్ వల్లి అని పేరు పెట్టారు. ఆ పేరు మొదట పెట్టింది మా అన్న చెల్లయ్య.

నిశ్శేష్ వాళ్ళు మొదటి ప్రయోగానికి ముందు పత్రికల వాళ్ళని ఫ్యాక్టరీకి పిలిచారు. నేనూ పోయాను. ఏ పత్రిక అని గేటు దగ్గర అడిగితే వేలంపాక అన్నాను. వాడికి అదేదో కొత్త పత్రిక పేరనిపించినట్టుంది, లోపలికి పంపాడు.

గాజు గోడల కొలిమిలో మూరెడు రాకెట్ బొమ్మ నిలబెట్టారు. దాని ఒంటినిండా ఆవగింజలంత బుడిపెలు పొదిగి ఉన్నాయి. వేడి పెంచారు. బుడిపెలు కరిగి, లోపలున్న పాదరసం లాంటి ద్రవం చెమట పట్టినట్టు బయటికొచ్చింది. లోహం లోపలి పొరల్లోకి ఇంకింది. చూస్తుండగానే బొమ్మ ఒళ్ళంతా పగుళ్ళు. తరవాత చప్పుడు లేకుండా కూలిపోయింది. గాలి ఊదారు. గాజు కొలిమి ఖాళీ. హాలంతా చప్పట్లు.

నేనూ కొట్టాను. అబద్ధమెందుకు, అద్భుతంగా ఉంది. చెదపురుగు కొయ్యని తిన్నట్టు ఆ ద్రవం సత్తుని, అంటే అల్యూమినియాన్ని, తింటుంది. రాకెట్ తన చావుని తన ఒంట్లోనే మోసుకుపోతుంది.

అప్పుడు లేచి అడిగాను. సగం కాలిన ముక్క సముద్రంలో పడితే ఏమౌతుంది అని.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ కొమాండూరి అనిరుద్ధ వేదిక మీదే ఉన్నాడు. నెరిసిన గడ్డం, నెమ్మదైన గొంతు. అంతా పైనే పొడైపోతుందని, కింది దాకా రాదని చెప్పాడు.

“వస్తే? ఉప్పునీళ్ళలో వేసి చూశారా సార్?” అన్నాను.

“రానిదానికి పరీక్ష ఎందుకమ్మా?” అన్నాడు ఆయన.

అందరూ నవ్వారు. నాకొక టోపీ ఇచ్చి పంపారు. భూమి మీద ఎక్కువ భాగం సముద్రమేనని మూడో తరగతి పిల్లని లేపి అడిగినా చెప్తుంది. ఇంత చదివినవాళ్ళు నీళ్ళలో వేసి చూడకుండా నింగికి ఎగరేస్తారా?

ఎగరేశారు. దేశమంతా పండగ. పై భాగం ముద్ర వేసినట్టు కక్ష్యలో కూర్చుంది, కింది భాగం అనుకున్నట్టే పొడైపోయిందని ప్రకటించారు. పొడైపోవడం ఎవరు చూశారని అడిగినవాడు లేడు.

తరవాత కొన్నాళ్ళకి నేను ఫోన్ల సామాన్లు కొనడానికి మద్రాసు పోయి ఉన్నాను. అప్పుడే మా అన్న వలలో పడింది. అన్నా, అన్న పడవలో పనిచేసే పాపయ్యా కలిసి లాగారు. తలుపంత రేకు, వెండిలా మెరుస్తూ, ఎత్తితే తాటాకంత తేలిక. అక్కడక్కడా మసి. అంచు వెంబడి ఆవగింజలంత బుడిపెలు.

ఇప్పుడు మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మా రేవులో వలలో పడింది ఏదైనా సరే పాళ్ళు వేయాల్సిందే. పడవకి ఒక పాలు, వలకి ఒక పాలు, మనిషికొక పాలు. చేప కానిది పడితే, దుంగ కానీ డ్రమ్ము కానీ, అది సముద్రం ఇచ్చింది కాబట్టి రేవు మొత్తానికి చెందుతుంది. గంగమ్మకొక పాలు. మగదిక్కు లేని ఇళ్ళకి ముందు పాలు. ఒక్కడు మింగేస్తే వాడి వలలో మళ్ళీ చేప పడదని మా నమ్మకం. ఇంకో ఊళ్ళో అయితే ఎవడో ఒక దొంగ ఆ రేకుని చాటుగా ఇంటికి తీసుకుపోయేవాడు, వాడి కొంప ఒక్కటే కూలేది. మావాళ్ళు ధర్మంగా రంపంతో కోసి ఇంటింటికీ పంచారు. మా ధర్మమే మా కొంప ముంచింది.

నేను తిరిగొచ్చేసరికి పంపకం అయిపోయింది. రేవంతా మెరుపులే. ఒకరు నీళ్ళ తొట్టికి మూత చేసుకున్నారు. ఒకరు కోళ్ళగూటికి తలుపు చేశారు. గంగమ్మ గుడిసె గడపకి ఒక ముక్క కొట్టారు. పడవలున్నవాళ్ళకి ఇంకో ఉపాయం తట్టింది. ఇంజనుని పడవ వెనక చెక్కకి బిగించే చోట చెక్క అరిగి ఇంజను ఊగుతుంటుంది. మధ్యలో ఈ రేకు ముక్క పెట్టి బిగిస్తే గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఉపాయం మా అన్నది. అన్నని చూసి మిగతావాళ్ళూ పెట్టుకున్నారు.

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. రాకెట్ ముక్కలు ముట్టుకోకూడదు, ఇంధనం విషం ఉంటుంది, అధికారులకి చెప్పాలి అని అరిచాను. నాకు తెలిసిన భయం ఇంధనం భయమే.

అన్న వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. “ఏంది మే నీ గోల? ఆకాశం ఆకాశమని ఇన్నేళ్ళూ మా చెవులు కొరికావు. ఇప్పుడు ఆకాశమే దిగొచ్చి మనింట్లో కూకుంటే ఏడుస్తుండావు” అన్నాడు.

పాపయ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. “నీ పాలు కూడా తీసి పెట్టినాములే వల్లక్కా. టీవీ మీద పెట్టుకో, బొమ్మలు బాగొస్తాయి” అన్నాడు.

కంపెనీకి ఫోన్ చేశాను. మా రాకెట్ ముక్క భూమ్మీద ఎక్కడా లేదండీ, పాత ఓడది ఏదో అయి ఉంటుంది అని ఒకమ్మాయి తియ్యగా చెప్పి పెట్టేసింది.

ఎండకి ఆ రేకుల మీద నుంచి సన్నటి పొడి రాలడం మొదలైంది. మంగతాయి, అంటే మా వదిన, దాన్ని చిటికెడు తీసి గిన్నె తోమి చూసింది. మా ఇళ్ళలో సత్తు గిన్నెలకి చేప నీచు పోవాలంటే ఉప్పూ చింతపండూ వేసి రుద్దుతాం. వదిన ఆ రెండింటితో పాటు ఈ పొడి కలిపింది. గిన్నె కొత్త రూపాయిలా తళతళలాడింది. ఆడవాళ్ళకి ఇంకేం కావాలి? సాయంత్రానికి రేవులో ప్రతి దొడ్లోనూ అదే తోముడు. నాకూ పొట్లం కట్టి ఇచ్చింది. “నీ రాకెట్టు పనికొచ్చింది ఇన్నాళ్ళకి” అని నవ్వింది.

మర్నాడు పొద్దున నేను కొట్టు తెరవడానికి బయల్దేరుతుంటే వదిన పిలిచింది. గంజి వార్చడానికి అన్నం గిన్నె ఎత్తితే అంచు చేతిలోకి ఊడొచ్చింది. మిగతాది పొయ్యి మీదే ఉంది. వదిన ఆ ముక్కని వేళ్ళ మధ్య నలిపింది. రస్కు నలిగినట్టు నలిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పక్కింట్లో ఏదో గిన్నె కిందపడిన చప్పుడు. గిన్నె పడితే మోగాలి. అది మోగలేదు.

ఫ్యాక్టరీలో గాజు కొలిమి నా కళ్ళ ముందుకొచ్చింది. లోహం లోపలి పొరల్లోకి ఇంకే ద్రవం. అది రాకెట్‌ని తినడంతో ఆగుతుందని వాళ్ళన్నారు. ఉప్పుతడి తగిలితే మళ్ళీ లేస్తోంది, పక్కనున్న సత్తుకి అంటుకుంటోంది. అంటురోగం లాగా. సత్తంటే గిన్నెలేనా? ఇంజనుని పడవకి పట్టి ఉంచే బిగింపూ సత్తే. దాని కింద రేకు ముక్క. మీద పొద్దస్తమానం ఉప్పునీళ్ళ జల్లు.

“అన్న ఏడి?” అన్నాను.

“తెల్లారకముందే పోయినాడు గదా” అంది వదిన. అని, నా మొహం చూసి పొయ్యి దగ్గర నుంచి లేచింది.

ఒడ్డుకి పరిగెత్తాను. అన్న ఫోన్ అందడం లేదు. ఒడ్డున ఉన్న పడవల వాళ్ళకి విషయం చెప్పాను. నమ్మలేదు. దేశయ్య అనే ఆయన, మా అన్న ఈడువాడు, వేలితో తన ఇంజను బిగింపుని పొడిచి చూశాడు. వేలు పోయిన చోట గుంట పడింది. అందరూ ఎవరి ఇంజన్ల దగ్గరికి వాళ్ళు పోయి చూసుకున్నారు. రేకు పెట్టనివాడు ఒక్కడే దొరికాడు. బద్ధకం వల్ల పెట్టలేదు. వాడి పడవలో దేశయ్యా ఇంకో ఇద్దరూ పోయారు.

మధ్యాహ్నం దాటాక అన్న పడవని లాక్కొచ్చారు. అందులో పాపయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

జరిగినదంతా వాడు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చేపలు బాగా పడ్డాయట. ఒడ్డుకి తిరిగి జోరుగా వస్తున్నారట. అన్న ఇంజను పిడి పట్టుకుని ఏదో పాట పాడుతున్నాడట. బిగింపు అప్పడంలా విరిగింది. తిరుగుతున్న ఇంజను ఎగిరి అన్న గుండెల మీద కొట్టింది. ఇంజను నీళ్ళలో పోకుండా దానికొక తాడు కట్టి ఉంచుతాం. ఆ తాడు అన్న కాలికి చుట్టుకుంది. పాపయ్య దూకాడు, దొరకలేదు. మళ్ళీ దూకాడు. చివరికి పడవని పట్టుకుని వేలాడాడు. మాటలు అయిపోయాక వాడు తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. తాడు పట్టుకున్నట్టున్నాడు ఒక క్షణం, చేతులు కోసుకుపోయి ఉన్నాయి.

అన్నని సముద్రం తిరిగి ఇవ్వలేదు.

కంపెనీ సంతాపం చెప్పింది. ఎంత మర్యాదగానో చెప్పింది. మత్స్యకారుడి మృతి బాధాకరమనీ, తమ ప్రయోగానికీ దీనికీ సంబంధం లేదనీ, ఇంజను సరిగా చూసుకోకపోవడం, మద్యం అలవాటు కారణాలై ఉండొచ్చనీ చెప్పింది. మా అన్న ఆదివారం ఆదివారం కల్లు తాగేవాడు. నిజమే. ఇంజను తాగలేదు కదా.

మీ రేకు ఇదిగో అని చూపిద్దామంటే రేకు ఏది? అందరి ఇళ్ళలోనూ రాలిపోతోంది. మూతలు, తలుపులు, గడప రేకు, అన్నీ కొద్దికొద్దిగా బూడిదవుతున్నాయి. ఒక మనిషిని చంపిన కత్తి తనంతట తాను కరిగిపోతే పోలీసు దేన్ని చూపించాలి? చెత్త మిగలని రాకెట్ అంటూ ఊదరగొట్టారు. సాక్ష్యం మిగలని రాకెట్ కూడా అదే. ఈ మాట ఏ పత్రికలో వచ్చింది?

ఇల్లిల్లూ తిరిగి పొడి ఎత్తించి ఊరగాయ జాడీల్లో పోయించాను. జాడీకి అది అంటదు. కొంత ప్రభుత్వ పరీక్షకి పంపితే మామూలు అల్యూమినియం పొడి అని జవాబొచ్చింది. పొడిగా ఉన్నప్పుడు అది మామూలు పొడే. తడి చేసి చూడండయ్యా అని మళ్ళీ రాశాను. అలా చూడాలంటే విధానం లేదట. నేనే నా సత్తు టిఫిన్ డబ్బాకి ఆ పొడిని ఉప్పునీళ్ళతో రుద్ది, అది విరగడం ఫోన్లో తీసి అందరికీ పంపాను. కల్పిత వీడియో అన్నారు. కింద ఎవడో, ఈవిడకి సినిమాల్లో అవకాశం ఇవ్వండి అని రాశాడు.

ఈలోగా రెండో ప్రయోగం ఖాయమైంది. ఈసారి రాకెట్ ఇంకా పెద్దది. కింది భాగం పడే చోటు చూశాను. మా పడవలు వేటకి పోయే నీళ్ళే. ఒక్క తలుపంత రేకు ఒక మనిషిని తీసుకుపోయింది. ఈసారి మేడంత రాకెట్ పడుతుంది. అది పడితే మా రేవులో ఇంజనుండదు, ఇంజను లేకపోతే వేట ఉండదు, వేట లేకపోతే ఊరుండదు. దాన్ని ఆపాలి. నాకు ఇంకో ఆలోచన లేదు.

కలెక్టరాఫీసు ముందు కూర్చున్నాం. లాగేస్తే మళ్ళీ కూర్చున్నాం. చివరికి మా ఊరి తుఫాను షెల్టర్లో ప్రజల మాట వినే సభ పెట్టారు. జాయింట్ కలెక్టర్ మేడం వచ్చింది. కెమెరాల వాళ్ళు వచ్చారు. డాక్టర్ కొమాండూరి హెలికాప్టర్లో వచ్చి మా ఇసక మీద దిగాడు. ఊరి జనం షెల్టర్లో పట్టక మెట్ల మీద నిలబడ్డారు.

ఆయన చాలా బాగా మాట్లాడాడు. మానవజాతి, భవిష్యత్తు, మన దేశం పేరు. మా జాడీ నుంచే చెంచాడు పొడి తీసి ఒక కొత్త సత్తు పళ్ళెంలో పోసి, రుమాలుతో రుద్ది, పళ్ళెం ఎత్తి చూపించాడు. పళ్ళేనికి ఏమీ కాలేదు. విభూతి అంత నిరపాయకరమైనది అని నుదుటి మీద కొంచెం పూసుకున్నాడు కూడా. కెమెరాలన్నీ అటు తిరిగాయి.

నేను లేచి ఉప్పునీళ్ళు పోసి రుద్దమన్నాను. అది ప్రయోగశాలలో, నియమాల ప్రకారం చేయాల్సిన పని, సభలో శాస్త్రీయంగా కుదరదన్నాడు. పొడిది మాత్రం సభలో కుదిరిందా అన్నాను. మేడం నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేదు. అరిచాను. తిట్టాను. తిట్టినకొద్దీ ఆయన మొహం ఇంకా శాంతంగా అవుతోంది. కెమెరాల్లో నేను పిచ్చిదానిలా, ఆయన రుషిలా కనిపిస్తున్నామని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగలేదు.

అప్పుడు వెనక బెంచీలో మంగతాయి లేచింది. అన్న పోయాక వదిన నలుగురిలో నోరు తెరవలేదు. బల్ల మీదున్న జాడీని చంకనెత్తుకుని మెట్లు దిగి బయటికి నడిచింది. ఎక్కడికి పోతోందో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తరవాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆమె వెనక పోయారు. మేడం లేచింది. కెమెరాల వాళ్ళు పరిగెత్తారు. డాక్టర్ కూడా రావాల్సి వచ్చింది.

వదిన తిన్నగా నీళ్ళ దాకా పోయి రెండు చేతులూ అలలో ముంచింది. తడి చేతుల్ని జాడీలో పెట్టి తీసింది. మోచేతుల దాకా బూడిదరంగు. మిగతా ఆడవాళ్ళూ అదే చేశారు. అలా ఎత్తిపట్టుకున్న చేతులతో హెలికాప్టర్ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. దాన్ని నడిపే అతను తలుపుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచాడు. వాడి మొహం చూస్తే తెలిసింది, మా వీడియో వాడు చూశాడని, నమ్మాడని.

వదిన డాక్టర్‌ని చూసి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“సార్, హాని లేదంటుండావు. నీ నోటితో చెప్పు. మీ బండికి రుద్దమను, రుద్దతాం. దాంట్లోనే ఎక్కి నువ్వు ఇంటికి పో.”

“అమ్మా, ఇది యంత్రం. ఇందులో మనుషులు ప్రయాణం చేస్తారు. మనుషుల ప్రాణాలతో...”

“మా ఆయనదీ యంత్రమే. దాంట్లో ఉన్నిందీ మనిషే.”

అల వచ్చి పోయింది. మేడం డాక్టర్ వైపు తిరిగింది. ఇందాక నన్ను కూర్చోమన్న గొంతుతోనే అడిగింది.

“చెప్పండి డాక్టర్. రుద్దొచ్చా?”

ఆయన మా అందరి మొహాలూ చూశాడు. నుదుటి మీద పూసుకున్న పొడి చెమటకి తడిసి కిందికి కారుతోంది. ఆయన దాన్ని తుడుచుకున్నాడు. ఒక్కసారి హెలికాప్టర్ వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. తను కనిపెట్టిందేంటో ఆ మనిషికి అప్పుడు తెలియడం కాదు, ముందునుంచీ తెలుసు.

“వద్దు” అన్నాడు.

“వినబడలేదు. రికార్డు కావాలి” అంది మేడం.

“వద్దు. ముట్టుకోనివ్వకండి.”

సభ అక్కడితో అయిపోయింది. ఆడవాళ్ళు చేతులు కడుక్కోవడానికి నీళ్ళ వైపు తిరిగారు. అప్పుడు వదిన తూలింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పడబోతూ దేన్నో పట్టుకుంది. నేను పోయి ఎత్తేసరికి ఆమె చెయ్యి హెలికాప్టర్ తోక మీద ఉంది. అయిదు వేళ్ళ గుర్తు స్పష్టంగా పడింది.

కావాలని చేసిందా అని నన్ను చాలామంది అడిగారు. నేను ఆమెని అడగలేదు. మీరూ అడక్కండి.

నడిపే అతను ఆ వేళ్ళ గుర్తుని చూసి, తాళాలు డాక్టర్ చేతిలో పెట్టి, నేను దీన్ని ఎగరేయను అన్నాడు. డాక్టర్ ఎగరెయ్యమని అనలేదు. మేడం జీపులో వెనక సీట్లో కూర్చుని రోడ్డు మీద పోయాడు.

రెండో ప్రయోగం ఆగింది. సాంకేతిక కారణాలట. పత్రికలు అదే రాశాయి. ఆకాశంలో ఏమౌతుందో చెప్పడానికి ఇంతమంది ఉన్నారు కదా, ఒడ్డున ఏమైందో చెప్పడానికి ఒక్కడికీ నోరు రాలేదు. ఎన్నాళ్ళు ఆగుతుందో నాకు తెలీదు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ కూర్చుంటాం.

హెలికాప్టర్ మా ఇసక మీదే ఉంది. వారం తిరక్కముందే తోక ఊడి కిందపడింది. ఇప్పుడు ఒంటి మీద నుంచి రేకులు రాలుతున్నాయి. కంపెనీ వాళ్ళొచ్చి చుట్టూ కంచె కట్టారు, పిల్లల్ని దూరంగా ఉంచాలని బోర్డు పెట్టారు. తెలుగులోనే రాశారు. కాపలాకి ఒక మనిషిని కూడా ఉంచారు. మా వదిన నీళ్ళకి పోయే దారి ఆ పక్క నుంచే. ఆమె వస్తుంటే కాపలావాడు కుర్చీలో నుంచి లేచి దూరం జరుగుతాడు. ఆమె మొహం చూడడు, చేతులు చూస్తాడు. వదిన బిందె దించి, రెండు అరచేతులూ వాడికి తిప్పి చూపించి, మళ్ళీ బిందె ఎత్తుకుని పోతుంది.